కృష్ణా-గోదావరి నడుమ జ్వరపడ్డ ఎవరెస్ట్

ఆదివారం పొద్దున్నే నలుగురు దోస్తులతో కలిసి ఉండ్రుగొండ ఎక్కారనుకోండి. అదే, సూర్యాపేట నుంచి విజయవాడ హైవే పట్టి పోతుంటే చివ్వెంల మండలంలో కనిపించే గుట్టలు. పాత కోట గోడలు, నరసింహస్వామి గుడి, మధ్యలో అంతా ముళ్లపొదలు. ఎక్కడం బాగానే ఎక్కారు, దిగేటప్పుడు దారి తప్పారు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. చార్జింగ్ 6 శాతం ఉంది. మీ బ్యాగులో ఒక కాగితం మ్యాపు, ఒక దిక్సూచి ఉన్నాయి. వాటితో హైవే దాకా రాగలరా?

రాగలం అనేవాళ్ల ఆట పేరే ఓరియెంటీరింగ్. చేతికి మ్యాపు ఇస్తారు. అందులో గుర్తు పెట్టిన చోట్లకు వరసగా వెళ్లి, అక్కడ కట్టిన నారింజ-తెలుపు జెండాలను వెతికి, నమోదు చేసుకుని, అందరికంటే ముందు గమ్యం చేరాలి. దారి ఎవరూ చెప్పరు. మీరే ఎంచుకోవాలి. వేగంగా ఉరికేవాడు చాలాసార్లు ఇందులో ఓడిపోతాడు. తప్పు దిక్కున ఎంత జోరుగా ఉరికితే అంత దూరం పోతాడు కదా! ఎన్‌సీసీలో ఉన్న వాళ్లకు ఇందులో సగం విద్య ఇప్పటికే తెలుసు. బీ, సీ సర్టిఫికెట్ పరీక్షల్లో మ్యాప్ రీడింగ్ అడుగుతారు.

ఈ విద్యనే బతుకుతెరువుగా పెట్టుకుని మన ప్రాంతానికి వచ్చి, ఇక్కడి అడవిలో ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు మీకు మూడో తరగతి నుంచీ తెలుసు. పేరు మాత్రమే తెలుసు. జార్జ్ ఎవరెస్ట్.

అవును, శిఖరానికి ముందు అది ఒక మనిషి పేరు. 1790లో పుట్టాడు. ఇంగ్లండ్‌లోని వూలిచ్ సైనిక అకాడమీలో చదివి, 1806లో 16 ఏళ్లకే ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగిదళంలో కేడెట్‌గా ఇండియా వచ్చాడు. అంటే మీరు ఇంటర్‌లో చేరే వయసు. లెక్కల్లో గట్టివాడు. కంపెనీ ఆయన్ని జావా దీవికి పంపి అక్కడి నేలను పరిశీలించమంది. తిరిగొచ్చాక బెంగాల్‌లో నదుల పని, కలకత్తా నుంచి కాశీ వైపు సంకేతాలు పంపే బురుజుల వరుస పని అప్పజెప్పింది. ఇవన్నీ చిన్నచిన్న పనులే. కానీ చూసే కంటికి ఒక విషయం అర్థమైంది. దూరంగా ఉన్న రెండు ఎత్తైన చోట్లను చూపుతో కలపడం ఈ కుర్రాడికి వచ్చు. అలా కలపగలిగే మనిషి కోసమే అప్పుడు దక్కన్‌లో ఒక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు.

ఆ పెద్దాయన విలియం లాంబ్టన్. కాసేపు ఆయన గురించి చెప్పుకోవాలి. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఒక రాత్రి దళం నడుస్తుండగా లాంబ్టన్ ఆకాశం వైపు చూశాడు. నక్షత్రాలను బట్టి తాము శత్రువుకు దూరంగా కాదు, నేరుగా టిప్పు సైన్యం మీదికే పోతున్నామని గ్రహించాడు. సేనాని బెయిర్డ్‌కు చెబితే ఆయన కొట్టిపారేశాడు. చివరికి దీపం వెలిగించి జేబు దిక్సూచి చూస్తే నక్షత్రాలదే నిజమని తేలింది. ఓరియెంటీరింగ్ నేర్పేవాళ్లు మొదటి క్లాసులో చెప్పాల్సిన కథ ఇది. దిక్కు గురించి మీ నమ్మకం ఒకటి చెబుతుంది, సూది ఒకటి చెబుతుంది. సూది పక్కన ఇనుము లేనంతవరకు సూది మాటే వినాలి.

లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక సరళరేఖను కొలిచాడు. పొడవు ఏడున్నర మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో 57 రోజులు పట్టింది. మన ఊళ్లో కొత్త బైపాస్ అంత పొడవు కొలవడానికి రెండు నెలలా అని నవ్వకండి. ఎండకు గొలుసు సాగుతుంది, ఆ సాగుదలను కూడా లెక్కగట్టాలి. ఈ ఒక్క గీతను తప్పు లేకుండా కొలిస్తే, మిగతా దేశాన్ని గొలుసు పట్టకుండానే కొలవొచ్చు. గీత రెండు చివర్ల నుంచి దూరంగా ఉన్న గుట్ట మీది జెండాను చూసి రెండు కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కకు వస్తాయి. ఆ భుజాలే మళ్లీ కొత్త త్రిభుజాలకు ఆధారం. టెన్త్‌లో చదివి, పరీక్ష హాల్లోనే వదిలేసిన త్రికోణమితి ఇదే. కోణాలు తీసే యంత్రం థియోడొలైట్. లాంబ్టన్ దగ్గరున్న పెద్దది అర టన్ను బరువుండేది. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి దెబ్బతింది. ఆయన వారాల తరబడి గుడారంలో కూర్చుని తన చేతులతోనే బాగు చేసుకున్నాడు.

ఎవరెస్ట్ 1818 చివర్లో హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర ముఖ్య సహాయకుడిగా చేరాడు. అదే ఏడాది ఆ పనికి గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అనే పేరు ఖాయమైంది. కొత్తగా వచ్చిన 28 ఏళ్ల ఆఫీసరుకు పెద్దాయన అప్పగించిన మొదటి స్వతంత్ర పని ఏమిటో తెలుసా? కృష్ణా, గోదావరి నదుల మధ్య ఉన్న నిజాం తూర్పు ప్రాంతం మీద త్రిభుజాలు అల్లడం. మ్యాపు తీసి చూడండి. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి గోదావరి దాకా చూపు సారిస్తే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట, ఖమ్మం, ఆపైన ఏజెన్సీ అడవులు. మనం ఇవాళ బస్సులో నాలుగైదు గంటల్లో దాటేసే నేల. ఆయన కాలంలో తూర్పుకు పోయినకొద్దీ దట్టమైన అడవి.

మొదటి మజిలీల్లోనే గొడవ. వెంట వచ్చిన కాపలా సిపాయిలు తిరగబడ్డారు. ఎవరెస్ట్ వాళ్లను కొరడా దెబ్బలతో లొంగదీశాడు. ఇది కూడా చెప్పుకోవాలి. ఈ మనిషి కోపిష్టి, అహంకారి. కింద పనిచేసేవాళ్లను చిత్రవధ చేసిన బాస్. ఆయన జీవితం చదివి ఆయన పట్టుదల తెచ్చుకోండి గానీ, నోరు మాత్రం తెచ్చుకోకండి.

పనిలో ఒక చిక్కుముడి ఉంది. దూరపు గుట్ట మీది జెండా కనిపించాలంటే గాలిలో దుమ్ము, ఎండమావుల మసక ఉండకూడదు. ఎండాకాలంలో మన దగ్గర పది కిలోమీటర్ల అవతలి గుట్ట కూడా పొగలో ఉన్నట్టు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. వానపడి వెలిసిన మర్నాడు అదే గుట్ట చేతికి అందేలా కనిపిస్తుంది. కాబట్టి సర్వేకు మంచి కాలం వానాకాలం. అడవిలో జ్వరాలకూ అదే కాలం. చూపు కావాలంటే ప్రాణం పణంగా పెట్టాలి. లాంబ్టన్, ఎవరెస్ట్ ఇద్దరూ చూపునే ఎంచుకున్నారు. వాళ్లు ఎంచుకుంటే ఎంచుకున్నారు, జెండా మోసే ఖలాసీకి, గుట్ట నెత్తిన చెట్లు కొట్టే కూలీకి ఎంచుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

1819లో యెల్లాపురం అడవుల్లో అదే జరిగింది. కొద్ది రోజుల్లోనే ఎవరెస్ట్, ఆయన వెంట వచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ, శిబిరంలోని వంద మందికి పైగా జనం దాదాపు అందరూ చలిజ్వరంతో పడిపోయారు. లేచి నీళ్లిచ్చే మనిషి లేడు. కబురందుకున్న హైదరాబాద్ నుంచి ఏనుగులు, డోలీలు పంపి వాళ్లను మోసుకొచ్చారు. కొందరు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు నగరంలో అడుగుపెట్టినప్పుడు బతికున్న మనుషుల్లా లేరు. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో సెలవు పెట్టి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లాల్సి వచ్చింది.

అప్పట్లో ఆ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవాళ్లు. దోమ చేసే పని అని తేలింది 1897 ఆగస్టులో. ఎక్కడ? సికింద్రాబాద్‌లో, రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద. ఎవరెస్ట్‌ను మోసుకొచ్చిన ఊరికి పక్కనే, 78 ఏళ్ల తర్వాత. చిత్రం ఏంటంటే, అదే 1897 అక్టోబరులో నార్వేలో ప్రజలందరికీ తెరిచిన మొదటి ఓరియెంటీరింగ్ పోటీ జరిగింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుందని చెప్పాను, అంతే.

కేప్‌లో కూడా ఆయన ఖాళీగా కూర్చోలేదు. అంతకుముందు శతాబ్దంలో లకాయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అక్కడ తీసిన భూమి కొలతలో తప్పు ఎక్కడ దొర్లిందో వెతికాడు. దగ్గరున్న కొండలు తూకపుగుండును తమవైపు కాస్త లాగి ఉంటాయని ఆయన అభిప్రాయం. జ్వరం తగ్గించుకోవడానికి వెళ్లిన చోట వేరేవాళ్ల లెక్కలు దిద్దే మనిషి! ఆ పాఠం మాత్రం తర్వాత హిమాలయాల దగ్గర పనికొచ్చింది.

1821 చివర్లో తిరిగొచ్చాడు. 1823 జనవరిలో లాంబ్టన్ నాగపూర్ దారిలో హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. పనిలోనే, ప్రయాణంలోనే. పగ్గాలు ఎవరెస్ట్ చేతికి వచ్చాయి. అప్పటికి ఆయన ఆరోగ్యం మళ్లీ చెడింది. కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో లేని రోజుల్లో, మనుషులు ఎత్తి యంత్రం ముందు కూర్చోబెడితే, చేతిని పైకి పట్టుకుంటే, మర తిప్పి కొలతలు తీశాడు. మధ్యభారతంలోని సిరోంజి దాకా అలాగే లాక్కొచ్చాడు. 1825లో ఇంగ్లండ్ వెళ్లి ఐదేళ్లు ఉన్నాడు. ఎందుకు? ఒకటి ఒళ్లు బాగుచేసుకోవడానికి. రెండు, కొత్త పరికరాలు చేయించడానికి. సాగే గొలుసుకు బదులు, వేడికి పొడవు మారకుండా రెండు లోహాలు జతచేసిన కడ్డీలు తెచ్చాడు. 1830లో తిరిగొచ్చేసరికి సర్వేయర్ జనరల్ పదవి కూడా వచ్చింది.

ఉద్యోగం వెతుకుతున్న మీరు ఇక్కడ కాస్త ఆగాలి. ఎవరెస్ట్‌కు ఇప్పుడు లెక్కలు కట్టే మనుషులు కావాలి. గోళాకార త్రికోణమితి తెలిసినవాళ్లు. కలకత్తా హిందూ కాలేజీ గణితం మాస్టారు టైట్లర్‌ను అడిగాడు. మాస్టారు చూపించిన కుర్రాడు రాధానాథ్ సిక్దార్. 1831 డిసెంబరులో 18 ఏళ్లకు చేరాడు, నెలకు 30 రూపాయలు. ఉద్యోగం పేరు కంప్యూటర్. అప్పట్లో ఆ మాటకు అర్థం లెక్కగట్టే మనిషి అని. కొన్నాళ్లకే ఆయన ఎంత అవసరమయ్యాడంటే, వేరే శాఖలో మంచి ఉద్యోగానికి పోబోతే ఎవరెస్ట్ పోనివ్వలేదు. ఎవరినీ మెచ్చుకోని ఆ మనిషి, కుర్రాడి తండ్రికి ఉత్తరం రాసి మరీ కొడుకును పొగిడాడు.

పరికరాల వైపు ఇంకొకరు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. లండన్‌లో చేసిన సున్నితమైన యంత్రాలను ఇక్కడే విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాడు. ఐటీఐ, డిప్లొమా చదువుతున్న వాళ్లు ఈ పేరు గుర్తు పెట్టుకోండి. ఇంటర్వ్యూలో అడగరు, అయినా పెట్టుకోండి.

గంగా మైదానంలో గుట్టలు లేవు. చూపు పోవడానికి చెట్లూ ఊళ్లూ అడ్డం. అక్కడ ఇటుక బురుజులు కట్టించాడు. కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మన గుట్టల విలువ తెలియాలంటే వాటిని చూడాలి, ప్రకృతి మనకు ఊరికే కట్టిచ్చిన బురుజులు ఇవి. పగటి జెండాలకు బదులు రాత్రి దీపాలతో కోణాలు తీయడం ఆయన పద్ధతి అయింది. రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి కాంతిని ఎక్కువగా వంచుతుంది, పగలు కనిపించని చోటు కూడా కాస్త పైకి లేచి కనబడుతుంది. ఊళ్లలో అనుమానాలు సరేసరి. ఆ గొట్టంలోంచి చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారని తెలిసి, మా ఇంటి ఆడవాళ్లను చూస్తున్నారా అని జనం తిరగబడ్డ సందర్భాలూ ఉన్నాయి. పొలం గట్టు మీద సర్వేయర్ కనబడగానే మన ఊరి పెద్దలు ముఖం చిట్లించడం కొత్తేమీ కాదన్నమాట.

ఆ రోజుల్లోనే ఒకసారి ఉత్తరాదిలో ఎవరో ఆయన్ని కంపాస్‌వాలా అని సంబోధించారు. ఆయన మండిపడి పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. నన్నడిగితే అంతకంటే మంచి బిరుదు ఆయనకు ఇంకోటి లేదు.

1834-35లో డెహ్రాడూన్ దగ్గర కొత్త బేస్‌లైన్ కొలిచారు. వందల కిలోమీటర్ల అవతల సిరోంజి నుంచి త్రిభుజాల మీదుగా లెక్కగట్టిన పొడవుకూ, నేల మీద కడ్డీలతో కొలిచిన పొడవుకూ తేడా కొన్ని అంగుళాలే. 1841లో బీదర్ దగ్గరి పాత బేస్‌లైన్‌ను మళ్లీ కొలిచి, కన్యాకుమారి నుంచి ముస్సోరి దాకా దాదాపు 2,400 కిలోమీటర్ల గొలుసును ముగించారు. 1843లో ఎవరెస్ట్ పదవి వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఇక శిఖరం సంగతి. ఆయన వెళ్లాక, తర్వాతి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా హయాంలో, నేపాల్ లోపలికి అనుమతి లేక మైదానాల నుంచే హిమాలయాల కోణాలు తీశారు. 15వ నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తని 1852 నాటికి లెక్కల్లో తేలింది. ఆ లెక్కల వెనుక రాధానాథ్ సిక్దార్, ఆయన కింది లెక్కగాళ్లు ఉన్నారు. అందుకే ఆయన పేరు ఇవాళ జీకే పుస్తకాల్లో కనిపిస్తుంది. వచ్చిన అంకె 29,002 అడుగులు. 2020లో ప్రకటించిన తాజా ఎత్తు 8,848.86 మీటర్లు. రెంటికీ తేడా 9 మీటర్ల చిల్లర! వంద మైళ్లకు పైగా దూరం నుంచి తీసిన కోణాలతో వచ్చిన లెక్క ఇది.

వా 1856లో ఈ సంగతి ప్రకటించి, తన పాత బాస్ పేరు పెట్టమన్నాడు. వద్దన్నది ఎవరో తెలుసా? ఎవరెస్టే. స్థానిక పేరు ఉంటే అదే పెట్టాలన్నది ఆయన నియమం. తన పేరు హిందీలో రాయలేరు, ఇక్కడి జనం పలకలేరు అని కూడా అన్నాడు. 1865లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. ఇంకో తమాషా, ఆయన ఇంటిపేరును వాళ్లింట్లో ఈవ్‌రెస్ట్ అని పలికేవారు. అంటే లోకమంతా ఇప్పటికీ తప్పుగానే పలుకుతోంది. 1861లో సర్ బిరుదు అందుకుని, 1866 డిసెంబరు 1న లండన్‌లో చనిపోయాడు. హోవ్ అనే ఊళ్లో చర్చి ఆవరణలో సమాధి ఉంది. తన పేరున్న శిఖరాన్ని ఆయన చూసిన దాఖలా లేదు.

రాధానాథ్‌కు ఏం దక్కింది? 1843లో డెహ్రాడూన్ దగ్గర సర్వే కూలీలతో ఒక మేజిస్ట్రేట్ వెట్టి చేయిస్తే ఎదురు నిలిచినందుకు 200 రూపాయల జరిమానా పడింది. సర్వే పాఠ్యగ్రంథం మొదటి కూర్పులో ఆయన రాసిన భాగాలకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఆయన పోయాక 1875లో వచ్చిన కూర్పులో ఆ పేరు తీసేశారు. చేసిన పనికి పేరు రాకపోవడం మీకు మొదటి ఉద్యోగంలోనే ఎదురుకావచ్చు. అందులో మీరు మొదటివారేం కాదు.

2014 మే నెలలో ఆ శిఖరం ఎక్కిన పూర్ణ, ఆనంద్‌కుమార్ ఇద్దరూ తెలంగాణ గురుకులాల పిల్లలు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద. మీరు హైదరాబాద్ బస్సులో పోతూ పలకరించగలిగేంత దగ్గర్లోనే.

సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటికీ డెహ్రాడూన్ నుంచే నడుస్తోంది. దాని శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. సివిల్, జియోఇన్ఫర్మేటిక్స్, భూగోళశాస్త్రం చదివినవాళ్లు ఆ నోటిఫికేషన్ల మీద ఓ కన్నేసి ఉంచండి. ఎవరెస్ట్ గోళాభం అనే మాట సర్వే పరీక్షల్లో కనిపిస్తే బెదరకండి. భూమి ఆకారానికి ఆయన 1830లో ఇచ్చిన లెక్కే అది. మన పాత టోపోషీట్లన్నీ దాని మీదే గీశారు.

ఆ టోపోషీట్లు 1:50,000 స్కేలులో సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తోంది. మ్యాపు మీద 2 సెంటీమీటర్లు, నేల మీద ఒక కిలోమీటరు. మీ ఊరి షీటు ప్రింట్ తీయించండి. కాలేజీ ఎన్‌సీసీ రూములోనో, స్టేషనరీ దుకాణంలోనో ఒక దిక్సూచి సంపాదించండి. నలుగురైదుగురు చేరితే అదే మీ క్లబ్బు. వానలు వెలిశాక వెళ్లండి, దోమల మందు మరవకండి. ఉండ్రుగొండ గానీ, ఫణిగిరి గానీ, దేవరకొండ కోట గానీ ఎక్కి, ఫోన్లు సంచిలో పెట్టేసి, మ్యాపులో ఉన్న మూడు గుర్తులు ఎంచుకోండి. ఒక గుట్ట కొస, ఒక చెరువు కట్ట, ఒక గుడి. ఒక్కోదానికి దిక్సూచితో కోణం తీసి, మ్యాపు మీద ఆ గుర్తు నుంచి వెనక్కి గీత గీయండి. మూడు గీతలూ ఒకే బిందువులో కలవాలి, మీరు నిలబడ్డ చోటు అదే. మొదటిసారి కలవవు. మధ్యలో చిన్న త్రిభుజం మిగులుతుంది. ఆ త్రిభుజం ఎంత ఉందో కొలిచి మ్యాపు అంచున తేదీతో రాసి పెట్టుకోండి. వచ్చే ఆదివారం మళ్లీ ఎక్కి, మళ్లీ గీసి చూడండి.